ఉతికిన బనియను

సంచి నిండిపోయింది గానీ జిప్పు పడలేదు. ఓబులమ్మ మోకాలితో అదిమి పట్టుకుని లాగుతూనే ఉంది. రెండు ఉన్ని చొక్కాలు, నాలుగు జతల మేజోళ్ళు, గుడ్డలో చుట్టిన నిమ్మకాయ ఊరగాయ సీసా, నువ్వులుండల డబ్బా అప్పటికే లోపల ఉన్నాయి. వాటి మీద ఇంకో తువ్వాలు కూరబోతుంటే కొడుకు చెన్నకేశవులు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అక్కడ తువ్వాళ్ళు ఇస్తారమ్మా."

"ఇస్తే ఇచ్చారులే. ఇంటి తువ్వాలు ఇంటిదే."

జమున సంచిని ఆనుకుని కూర్చుంది. నల్ల లాబ్రడార్ కుక్క. మూతి తెల్లబడింది, కుడి చెవి కొస తెగిపోయింది. ఏడేళ్ళపాటు కేశవులుకు ముందు నడుస్తూ మందుపాతరలు వెతికింది. మొన్న దసరాకు దానికి పటాలం సెలవు ఇచ్చేసింది. ఇన్నాళ్ళూ ఈ సంచి కదిలితే అదీ కదిలేది. అందుకే ఇప్పుడు కూడా తనను తీసుకుపోతారన్న ధీమాతో గడ్డం సంచి మీద పెట్టుకుని, కళ్ళు మాత్రం కేశవులు మీద ఉంచింది. ఆ కళ్ళు చూడలేక ఓబులమ్మ వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా పొయ్యి తుడిచింది.

వాళ్ళ ఇల్లు గిద్దలూరు ఊరి బయట, నల్లమల కొండవార ఉన్న 'విశ్రాంతి' ఆవరణలోనే. సైన్యంలో పనిచేసి వయసు మళ్ళిన కుక్కలకు అది ఆశ్రమం. ఆ రోజుకు పద్నాలుగు కుక్కలున్నాయి. వాటికి రెండు పూటలా వండిపెట్టేది ఓబులమ్మే. నడిపేది రిటైరైన సుబేదారు మస్తాన్‌వలి. కంభంలో ఒక పంతులమ్మ నెలనెలా రాగులు పంపేది. మార్కాపురం పలకల దుకాణంవాళ్ళు చలికాలానికి దుప్పట్లు ఇచ్చేవాళ్ళు. చందా ఇచ్చిన ప్రతివాళ్ళకూ సుబేదారు రసీదు రాసిచ్చేవాడు. ఆ రసీదు అడుగున ఒక మాట అచ్చువేయించాడు: 'ఇక్కడికి వచ్చిన జాగిలం మళ్ళీ పని చెయ్యదు.' జనం ఆ మాట చూసే ఇస్తున్నారని ఆయన నమ్మకం. వచ్చిన కుక్క మెడపట్టీ తీసి మేకుకు తగిలించాక, 'వెతుకు' అని పటాలంలో వాడే మాటను ఆ ఆవరణలో ఎవరూ నోట అనకూడదు. ఓబులమ్మ కళ్ళజోడు పోయినా సరే, అదేదో చూడమనేదే తప్ప ఆ మాట అనేది కాదు.

ఇంకో ఆచారం కూడా ఉంది. కుక్కను వదిలి వెళ్ళే హ్యాండ్లరు, అంటే దాన్ని నడిపిన సిపాయి, తాను రెండు రోజులు వేసుకున్న బనియను ఒకటి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి పోవాలి. వారానికోసారి మూత తీసి కుక్కకు చూపిస్తారు. అది కాసేపు ముక్కు అందులోనే పెట్టుకుని, ఆ తరవాత వెళ్ళి అన్నం తింటుంది. డబ్బా లేని కుక్కలు బెంగతో పది రోజుల్లో చిక్కి సగమవుతాయి. గూట్లో వరసగా పద్నాలుగు డబ్బాలు, వాటి మీద పద్నాలుగు పేర్లు.

కేశవులు బనియను విప్పి, మడతపెట్టకుండానే డబ్బాలో కుక్కి మూత బిగించాడు.

"ఇది ఉతకమాకు అమ్మా. నీ చేతులు ఊరుకోవు, నాకు తెలుసు."

"నాకామాత్రం తెలవదా, ఇన్ని డబ్బాలు చూసేదాన్ని," అంది ఓబులమ్మ.

ఆటో కదిలాక జమున గేటు దాకా నడిచి అక్కడే కూర్చుంది. సాయంత్రమైనా లేవలేదు. ఓబులమ్మ వెళ్ళి దాని పక్కన చతికిలబడింది. అది జనవరి ఇరవై తొమ్మిది.

ఓబులమ్మకు బట్టల సంగతిలో ఒక భయం ఉంది. ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆమె భర్త పెంచలయ్య కూడా సిపాయే. ఇరవై రెండేళ్ళ కిందట సెలవు ముగిసి వెళుతూ, విడిచిన చొక్కా మేకుకు తగిలించి వెళ్ళాడు. మరునాడు ఉతుకుదామనుకుంది. మరునాడు పిల్లాడికి జ్వరం. ఆ మరునాడు కరెంటు లేక బోరు నీళ్ళు రాలేదు. వారంలో తంతి వచ్చింది. ఆ చొక్కా ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. ఉతికితే ఏమవుతుందోనని భయం, ఉతకనందుకే మనిషి రాలేదేమోనని అంతకు మించిన భయం. అప్పటి నుంచి కేశవులు రైలెక్కిన తెల్లారే వాడు విడిచిన గుడ్డ ప్రతిదీ కుంకుడు రసంలో నానబెట్టి ఉతికి ఆరేసేది. అన్నీ ఆరాకే ఆమెకు ముద్ద దిగేది. ఈసారే మొదటిసారి, వాడి ఒంటి మీది గుడ్డ ఒకటి ఉతక్కుండా ఇంట్లో ఉండిపోయింది.

డాక్టర్ ఎస్తేరు రాణి ఆశ్రమానికి రావడం అంతకుముందు డిసెంబరులో మొదలైంది. పటాలంలో కుక్కల వైద్యురాలిగా చేసి, ఆ తరవాత ఏదో పరిశోధనశాలలో చేరిన మనిషి. చిన్న ఇనప్పెట్టె, వెంట్రుకంత సన్నని తీగలు కుట్టిన గుడ్డ టోపీ తెచ్చింది. భైరవ అనే ముసలి కుక్కను సగం నిద్రలోకి పంపి, తలకు ఆ టోపీ తొడిగింది. నాలుగు నిమిషాల సేపు భైరవ కాళ్ళు నిద్రలోనే నడిచాయి. ఆ వెంటనే, తాను తెచ్చిన ఎనిమిది నెలల పిల్లకుక్కకు అలాంటి టోపీయే తొడిగింది. అరగంట తరవాత ఆ పిల్లను పెరట్లో వదిలింది. పుట్టి బుద్ధెరిగాక అది మందుపాతర వాసన చూసింది లేదు. తిన్నగా పోయి, సుబేదారు పొద్దున పూడ్చిపెట్టిన పాతర మందు డబ్బా ముందు పడుకుని తలెత్తి చూసింది. అచ్చం భైరవ చూసినట్టే, ఎడమ పక్కకు తల వాల్చి.

సుబేదారు రసీదు పుస్తకం తెచ్చి చూపించాడు. పని చెయ్యదని రసీదు మీద అచ్చువేయించానే అని అడిగాడు. పని కాదు, జ్ఞాపకం అంది డాక్టరు.

"దానికి ఆ తేడా తెలుసా?" అన్నాడు సుబేదారు.

తెలియదని డాక్టరు ఒప్పుకుంది. ఆ నిద్రలో కుక్క నిజంగానే పనిలోకి వెళ్ళిపోతుంది. వెళ్ళిన కుక్క తిరిగి రావాలంటే పని అయిపోయిందని దానికి తెలియాలి. ఆ మాట దానికి చెప్పేది హ్యాండ్లరు చేతి వాసన ఒక్కటే. ఏడెనిమిదేళ్ళు ప్రతి వెతుకులాటా ఆ చెయ్యి మూతి మీద పడ్డాకే ముగిసింది మరి. అందుకే డాక్టరు ఈ ఆశ్రమాన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇక్కడ డబ్బాలున్నాయి. భైరవ ముక్కు దగ్గర బనియను పెట్టగానే అది గట్టిగా నిట్టూర్చి కళ్ళు తెరిచి తోక ఆడించింది. ఓబులమ్మ ఇదంతా అన్నం గరిటె చేతిలో పట్టుకుని గుమ్మంలోంచి చూసింది. ఏదో దేవతను పిలిపించి మళ్ళీ సాగనంపినట్టు అనిపించింది ఆమెకు.

ఫిబ్రవరి రెండో వారంలో కేశవులు ఫోన్లు ఆగిపోయాయి. ఒక రోజు, రెండు రోజులు. నాలుగో రోజున ఓబులమ్మ కుక్కల అన్నంలో ఉప్పు వేసి, మొత్తం పారబోసి మళ్ళీ వండింది. ఆరో రోజున సుబేదారు తనకు తెలిసిన వాళ్ళకు ఫోన్లు చేశాడు. సరిహద్దు కొండల్లో ఏదో లోయలో పేలుళ్ళు జరిగాయని మాత్రం తెలిసింది. ఆమె గూడు ముందు నుంచి నడవడం మానేసింది. ఆ డబ్బాలో ఉతకని బనియను ఉందన్న తలపు పంటికింద రాయిలా ఉండేది. ఒక పక్క మేకుకు మొగుడి చొక్కా, ఒక పక్క గూట్లో కొడుకు బనియను. రెండింటి మధ్యా తాను పడుకుంటోంది.

తొమ్మిదో రోజు పొద్దున ఫోను మోగింది. బాగున్నానని, తీగలు తెగి మాట్లాడలేకపోయానని, భయపడొద్దని చెప్పాడు కేశవులు. తాను నడిపే కొత్త కుక్క బిజిలీ మాట కూడా చెప్పాడు, చురుకైనదే గానీ ఇంకా పసిదని. ఫోను పెట్టేశాక ఓబులమ్మ కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. తరవాత ఏం చేస్తున్నదీ ఆలోచించలేదు. తిన్నగా వెళ్ళి డబ్బా మూత తీసి, బనియను కుంకుడు నురగలో ముంచింది. మూడు నీళ్ళు జాడించి ఎండలో ఆరేసింది. ఆరుతున్న బనియను చూస్తూ, ఇన్ని రోజుల తరవాత మొదటిసారి కడుపు నిండా తింది. సాయంత్రం దాన్ని చక్కగా మడతపెట్టి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. ఆ వారం జమున డబ్బాలో ముక్కు పెట్టి వెంటనే తీసేసింది. గిన్నెలో అన్నం సగమే తింది. దానికి పొట్ట బాగాలేదేమోనని వాము నీళ్ళు తాగించింది ఓబులమ్మ. తన తప్పు తనకు తెలుసు. కానీ వచ్చే సెలవుకు వాడొస్తాడుగా, ఇంకో బనియను ఇస్తాడుగా అనుకుంది.

మార్చి పదో తేదీ సోమవారం డాక్టర్ ఎస్తేరు జీపు దిగింది. ముఖంలో నెత్తురు లేదు. ఆ లోయలో వేరే రకం మందుపాతరలు దొరికాయట. ఇనుము లేదు, ప్లాస్టిక్ లేదు. కాల్చిన మట్టి పెంకులో పెట్టి పూడ్చారు. యంత్రాలకు చిక్కవు, ఇప్పుడున్న కుక్కలకు వాటి వాసన తెలియదు. అప్పటికే ఒక దళంలో నలుగురు పోయారు. దొరికినవన్నీ అక్కడే పేల్చేయాల్సి రావడంతో నేర్పించడానికి నమూనా కూడా లేదు. ఆ రకాన్ని పేలకుండా పట్టుకున్న కుక్క దేశం మొత్తం మీద ఒక్కటే. రెండేళ్ళ కిందట మూడుసార్లు పట్టింది. జమున.

బుధవారం తెల్లారే కేశవులు దళం ఆ లోయలోకి దిగుతోంది. పదహారుమంది. ముందు నడిచేది బిజిలీ. టోపీ, పెట్టె అక్కడికి కూడా పంపారు. ఇక్కడ జమున నుంచి తీసింది గాలిలో అక్కడికి వెళుతుంది, అక్కడ బిజిలీలో నాటుతారు.

సుబేదారు వెళ్ళి గూట్లో జమున పేరున్న డబ్బా ముందు నిలబడ్డాడు. చివరికి, డబ్బా ఉంది కాబట్టి ఒప్పుకుంటున్నాను, ఇదొక్కసారే అన్నాడు. డాక్టరు గూట్లోంచి జమున డబ్బా తీసింది. మూత తెరిచింది. లోపల తెల్లగా, ఇస్త్రీ చేసినట్టున్న మడత. కుంకుడు వాసన గదంతా కమ్మింది.

 ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తేరుకుని ఇంట్లోకి పరిగెత్తి వెతికింది. దిండు గలీబు, దుప్పటి, లుంగీ, ఆఖరికి వాడు చిన్నప్పుడు ఆడుకున్న గుడ్డ బంతి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ ఇంట్లో ఉతకని గుడ్డ మొగుడి చొక్కా ఒక్కటే. అక్కడి నుంచి ఇంకో బనియను రావాలంటే నాలుగు రోజులు. దళం దిగడానికి ఉన్నది రెండు రోజులైనా కాదు.

డాక్టరు ఆ పూటంతా పెట్టె ముందు కూర్చుంది. అమ్మ వాసనలో కొడుకు వాసన కొంత ఉంటుంది, ఆమె రోజూ అన్నం పెట్టే మనిషి కూడాను, సగం ఆశ ఉందని చెప్పింది. సుబేదారు మాత్రం, మనకు తోచింది చేసే హక్కు మనకు లేదు, కుక్క కేశవులు పేరున దత్తతలో ఉంది, వాడినే అడగాలన్నాడు.

మంగళవారం పొద్దున పది గంటలకు లైను కలిసింది. ఫోను బల్ల మీద పెట్టారు. గాలి హోరులోంచి కేశవులు గొంతు వచ్చింది. జమునతో చెయ్యబోయేదంతా వాడికి తెలుసు. భైరవ ఎలా తిరిగి వచ్చిందో కూడా తెలుసు.

"డబ్బా ఉంటేనే చెయ్యండి," అన్నాడు. "లేకపోతే దాని జోలికి పోవద్దు. మా తిప్పలేవో మేం పడతాం. అది చెయ్యాల్సిందంతా చేసేసింది."

సుబేదారు ఓబులమ్మ వైపు చూశాడు. డాక్టరు నేల వైపు చూసింది. బల్ల కింద జమున కేశవులు గొంతు విని లేచి, ఫోను చుట్టూ గాలి పీల్చి, మనిషి ఎక్కడా అన్నట్టు తలుపు వైపు చూసింది.

"అమ్మా, ఉందిగా?"

"ఉందిరా," అంది ఓబులమ్మ. "గూట్లోనే ఉంది."

"నువ్వు ముట్టుకోలేదుగా?"

"లేదు నాయనా."

 అంత నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తరవాత ఎప్పుడూ అర్థం కాలేదు. సరే కానివ్వండి అన్నాడు వాడు. సుబేదారు వంగి జమునను పట్టుకున్నాడు. డాక్టరు సూదిమందు ఎక్కించింది. ఆ గదిలో ముగ్గురికీ నిజం తెలుసు. ముగ్గురూ చేశారు.

పదీ నలభైకి జమున వెళ్ళింది. మొదట చెవులు నిక్కాయి. తరవాత పడుకున్న చోటే కాళ్ళు నడవడం మొదలుపెట్టాయి, మెల్లగా, ఆగి ఆగి. పెట్టె తెర మీద ఒక పచ్చగీత కొండలా లేచింది. మొదటిది, అంది డాక్టరు. జమున ఒళ్ళు బిగిసింది. అది ఏ కొండ మీద, ఏ రాళ్ళ మధ్య ఉందో ఎవరికి తెలుసు. రెండోది. మూడోది. అవతల నుంచి ఎవరిదో గొంతు అందిందని చెప్పింది. ఇంకో పావుగంటకు, బిజిలీ తోక ఆడిస్తోందని చెప్పింది.

"ఇప్పుడు పిలవండి అమ్మా," అంది డాక్టరు.

ఓబులమ్మ అరచెయ్యి జమున ముక్కు దగ్గర పెట్టింది. నిన్నటి నుంచి నీళ్ళు తగలనివ్వని చెయ్యి. ముక్కు కదిలింది, ఆగింది, పక్కకు తిరిగింది. ఆమె చెయ్యి మూతి మీద వేసి నిమిరింది. కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఉతికిన బనియను పెట్టారు. ముక్కు దాని మీదుగా, గోడ మీదుగా పోయినట్టు పోయింది. ఓబులమ్మ ఇంట్లోకి వెళ్ళి, ఇరవై రెండేళ్ళుగా తాకని చొక్కా మేకు మీంచి తీసుకొచ్చింది. జమున ఆ చొక్కాను మిగతావాటికన్నా ఎక్కువసేపు వాసన చూసింది. కాలర్ దగ్గర ఆగింది.  తరవాత అదీ వదిలేసింది.

మందు దిగిపోయాక జమున లేచి నిలబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెరట్లోకి నడిచి, ఈ గోడ నుంచి ఆ గోడకు, అడుగున్నర జరిగి మళ్ళీ ఈ గోడకు, ముక్కు నేలకు ఆనించి వెతకడం మొదలుపెట్టింది. ఏమీ లేనిచోట పడుకుని తలెత్తి చూసేది. ఎదురుగా ఉన్న మనిషిని కాదు, ఆ మనిషి వెనక రావలసిన ఇంకెవరినో. ఎవరూ రాకపోతే లేచి మళ్ళీ వెతికేది. ఓబులమ్మ దాని వెనకే గిన్నె పట్టుకుని తిరిగి, పడుకున్నప్పుడల్లా ఒక్కో ముద్ద నోట్లో పెట్టేది. అది నమిలేది. ఎవరు పెట్టారో చూసేది కాదు.

గురువారం ఫోను వచ్చింది. బిజిలీ ఆ లోయలో పదకొండు పట్టింది. ఒక్కడికి కూడా గీత పడలేదు. కేశవులు నవ్వుతూ మాట్లాడాడు. ఆఖరున జమున లేచిందా అని అడిగాడు. లేచింది, తిరుగుతోంది అంది ఓబులమ్మ. ఆ మాట కూడా నిజమే.

సుబేదారు మిగిలిన రసీదు పుస్తకాలన్నీ ముందేసుకుని, అడుగున ఉన్న ఆ లైను మీద ఒక్కొక్క కాగితానికీ సిరాగీత గీశాడు. కంభం పంతులమ్మ ఎందుకు కొట్టేశారని ఉత్తరం రాసింది. ఆయన ఏం జవాబు రాశాడో ఓబులమ్మకు చెప్పలేదు. పంతులమ్మ రాగులు మాత్రం ఆగలేదు.

ఏప్రిల్లో సెలవు దొరికిందని కేశవులు చెప్పినప్పుడు ఓబులమ్మ ఇక దాచలేకపోయింది. వెక్కుతూ మొత్తం చెప్పేసింది.  అయితే ఇప్పుడేం చెయ్యాలమ్మా అన్నాడు.

"స్నానం చెయ్యమాకురా. ఒంటి మీద గుడ్డ మార్చమాకు. ఎట్టా ఉన్నావో అట్టా వచ్చెయ్యి. దానికి నీ వాసన తగలాల."

వీధిలోంచి వచ్చినవాడికి కాళ్ళు కడుక్కోమనకుండా ఓబులమ్మ ఏనాడూ గడప దాటనివ్వలేదు. ఏప్రిల్ పదిహేడున కేశవులు నాలుగు రోజుల పనిబట్టలతో, మట్టి బూట్లతో ఆటో దిగాడు. చెమట వాసనకు ఆటో అతను ముక్కు మూసుకున్నాడు. ఓబులమ్మకు ఆ వాసన సాంబ్రాణి ధూపంలా తోచింది. డాక్టరు, సుబేదారు గోడవార నిలబడ్డారు.

జమున పెరటి మధ్యలో ఉంది. వాడు పిలవలేదు. వెళ్ళి నాలుగడుగుల దూరంలో గొంతుక్కూర్చుని అరచెయ్యి చాపాడు. జమున నడక ఆగింది. ముక్కు పైకి లేచింది. నెల రోజుల్లో అది మొదటిసారి నేల మీంచి తలెత్తి గాలి పీల్చింది. అడుగులో అడుగు వేసుకుంటూ వాడి దగ్గరకు వచ్చింది. చెయ్యి వాసన చూసింది. మోచెయ్యి చూసింది. బూట్లు చూసింది. దాని ఒళ్ళంతా సన్నగా వణికింది. ఓబులమ్మ రెండు చేతులూ జోడించేసింది.

అప్పుడు జమున కేశవులు బూట్ల ముందు, చాలా జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పడుకుంది. ముందు కాళ్ళు చాపి, తలెత్తి, వాడి భుజం మీదుగా వెనక్కి చూసింది.

కేశవులు చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. రైలెక్కే దాకా పాతరలు తవ్వితీసిన చేతులవి. ఆ మందు పొడి గోళ్ళలో, బట్టల కుట్లలో, బూట్ల పగుళ్ళలో ఇంకా ఉంది. వాడి చెమటకన్నా ముందు అదే దాని ముక్కుకు తగిలింది. జమునకు దొరికింది కేశవులు కాదు. దొరికిన దాన్ని చూపించి, అది కేశవులు కోసం ఎదురుచూస్తోంది.

"ఎప్పుడు ఉతికావమ్మా?" అన్నాడు, తల తిప్పకుండానే.

"నీ ఫోనొచ్చిన రోజు."

 ఆ పూట వాడు తలంటు పోసుకుని మళ్ళీ వచ్చి చెయ్యి చాపాడు. మరునాడు చాపాడు. సెలవున్న ముప్ఫై రోజులూ పొద్దునా సాయంత్రం ఆ పెరట్లో గొంతుక్కూర్చున్నాడు. ఒకసారి పాతరగా గుర్తుపట్టిన ఆ చేతిని జమున వాసన చూసేది, దాని ముందు పడుకుని వాడి వెనక్కే చూసేది. వెళ్ళేనాడు సంచి సర్దింది వాడే. విడిచిన బనియను డబ్బాలో పెట్టి మూత బిగించాడు. ఓబులమ్మ దాన్ని ఉతకలేదు. మొగుడి చొక్కాను కూడా మళ్ళీ మేకుకే తగిలించింది.

జమున ఆ పెరట్లోనే, ఆ ఏడాది నవంబరు దాకా, వెతుకుతూ బతికింది.

ఆ లోయలోకి దిగిన పదహారుమందీ తిరిగి వచ్చారు. బిజిలీ తిరిగి వచ్చింది. జమున రాలేదు. అది వెళ్ళింది మార్చి పదకొండు, మంగళవారం, పొద్దున పదీ నలభైకి.